పొలం నుంచి వంటింటి దాకా టమాటా దారి: కాలనీ సంక్షేమ సంఘం వినియోగదారుల ఉపసంఘం 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు వినియోగదారుల ఉపసంఘం చేసిన పనిని ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాను. వీధి దీపాలు, మురుగు కాలువలు, నీటి ట్యాంకర్ల సంగతులను ప్రధాన కార్యవర్గం తన నివేదికలో విడిగా సమర్పిస్తోంది. అందువల్ల ఏడాది పొడవునా ఉపసంఘం పట్టుకుని కూర్చున్న ఒకే ఒక్క విషయానికి, అంటే హైదరాబాదులోని మన వంటింటికి టమాటా ఏ దారిన, ఎవరి చేతుల మీదుగా, ఎంత ఖర్చుతో చేరుతోందన్న విషయానికి, నేను పరిమితమవుతున్నాను.

ఈ పని కోపంతో మొదలైందని ఒప్పుకోవాలి. 2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటినప్పుడు మన వాట్సాప్ బృందంలో దాదాపు అందరి మాటా ఒక్కటే: దళారులు మింగేస్తున్నారు. రెండు నెలలు తిరక్కుండానే ధర పడిపోయి, గిట్టుబాటు కాని కాయను రైతులు రోడ్డు పక్కన పారబోశారన్న వార్తలు వచ్చినప్పుడూ మళ్లీ అదే మాట. ధర పెరిగినా దళారే కారణం, పడినా దళారే కారణం అయితే ఆ దళారి చేసే పని ఏమిటో ఒకసారి కళ్లారా చూసి రావాలని సర్వసభ్య సమావేశం తీర్మానించి, ఆ బాధ్యతను మాకు అప్పగించింది. చూసి వచ్చాక మా అభిప్రాయం కొంత మారింది, కొంత మారలేదు. రెండింటినీ దాచకుండా చెబుతాను.

మన టమాటా ఏ ఊరిది

హైదరాబాదుకు ఏడాదంతా ఒకే చోటి నుంచి టమాటా రాదు. వానాకాలం చివరి నుంచి చలికాలం ముగిసే దాకా చేవెళ్ల, వికారాబాద్ వైపు పొలాల కాయ ఎక్కువగా వస్తుంది. తెల్లవారుజామున ఆటో ట్రాలీలో బయలుదేరితే పొద్దెక్కేలోగా మార్కెట్‌లో దిగుతుంది కాబట్టి ఆ నెలల్లో ధర సాధారణంగా మన అందుబాటులోనే ఉంటుంది. ఎండలు ముదిరాక ఇక్కడ పూత నిలవదు. పగటి ఎండకన్నా రాత్రి ఉక్క టమాటాకు ఎక్కువ చేటు చేస్తుందని, రాత్రి వేడి తగ్గకపోతే పూత పిందె కట్టకుండానే రాలిపోతుందని మాకు చెప్పారు. అప్పుడు నగరానికి పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పొరుగు కర్ణాటకలోని కోలారు, చింతామణి ప్రాంతాలే దిక్కు. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె చుట్టుపక్కల వేసవి కాస్త చల్లగా ఉంటుంది. మిగతా చోట్ల తోటలు వాడిపోయే రోజుల్లో అక్కడ కాపు నిలబడుతుంది. అందుకే వేసవిలో ఆ మార్కెట్ కాయ తెలుగు రాష్ట్రాలకే కాక తమిళనాడు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఢిల్లీ వంటి చోట్లకూ లారీలకెక్కుతుంది.

2023 జూలైని అర్థం చేసుకోవడానికి ఈ భౌగోళిక పరిస్థితే తాళంచెవి. అంతకుముందు నెలల్లో ధర లేక చాలామంది టమాటా మానేశారు. వేసిన తోటలను ఎండలు, వైరస్ తెగుళ్లు కొంత దెబ్బతీశాయి. ఆపైన వానలు కోతలను, రవాణాను అడ్డుకున్నాయి. దేశానికి కాయ పంపే చోట్లు కొన్నే మిగిలే నెలల్లో ఇవన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. ఆ నెలాఖరుకు మదనపల్లె మార్కెట్‌లోనే, అంటే రైతు దగ్గరే, కిలో ధర వంద దాటి ఇంకా పైకి పోయింది. కేంద్ర ప్రభుత్వం ఎన్‌సీసీఎఫ్, నాఫెడ్ అనే జాతీయ సహకార సంస్థల చేత ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల్లో కాయ కొనిపించి, జూలై 14 నుంచి ఢిల్లీ వంటి నగరాల్లో తొలుత కిలో 90 రూపాయలకు, తరువాత 80కి, 70కి అమ్మించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో రాయితీ ధరకు పంపిణీ చేసింది. మనం తిట్టుకున్న ఆ రోజుల్లో పంట చేతికొచ్చిన రైతు బాగుపడ్డాడన్న సంగతి మాకు అక్కడికి వెళ్లేదాకా తట్టలేదు. పంట చేతికి రాని రైతులే ఎక్కువన్న సంగతీ అక్కడే తెలిసింది.

మదనపల్లె ప్రయాణం

జూన్ నెలలో ఉపసంఘం సభ్యులం ఐదుగురం మదనపల్లె వెళ్లాం. రోడ్డు మార్గాన 500 కిలోమీటర్ల పైచిలుకు దూరం. టమాటా లారీ రాత్రంతా నడిచి వచ్చే దారినే మేము ఎదురు వెళ్లామన్నమాట. మార్కెట్‌కు పోయే ముందు ఒక రోజంతా తంబళ్లపల్లె వైపు తోటల్లో గడిపాం. ఆ పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని తక్కాళి అనే అంటారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మన సభ్యురాలు ఒకరు తమ అమ్మమ్మ రామములగ అనేవారని గుర్తు చేసుకున్నారు. పేర్లు ఇన్ని ఉన్నా, బయటి నుంచి వచ్చిన ఈ పంట మన పప్పులోకి, చారులోకి చేరి ఎన్నో తరాలు కాలేదు.

నర్సరీలో ట్రేలలో నారు పెరగడానికి పాతిక నుంచి ముప్పై రోజులు పడుతుంది. నాటిన రెండు నెలలు దాటాక మొదటి కోత మొదలవుతుంది. అక్కడి నుంచి మూడు నాలుగు రోజులకొక కోత చొప్పున మరో రెండు నెలల దాకా కాయ దిగుతుంది. హైబ్రిడ్ తోటలో మొక్క పక్కన కట్టె పాతి, తీగలు లాగి, కొమ్మలను పైకి కట్టాలి. డ్రిప్పు, మొక్కల మొదళ్ల దగ్గర నేల మీద పరిచే మల్చింగ్ పట్టా, మందులు, కోత కూలీలు అదనం. పెట్టుబడి అంతా ముందే పోయాల్సి ఉంటుంది. ధర మాత్రం కోతకొకటి. సోమవారం తెంపిన కాయకు వచ్చిన ధర గురువారం తెంపిన కాయకు వస్తుందన్న భరోసా లేదు. ధర నచ్చలేదని తెంపకుండా ఆగితే, కాయ చెట్టు మీదే పండి మెత్తబడి నేలపాలవుతుంది.

ఈ పంట వ్యాపారమంతా కాయ స్వభావం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఒక్క నిమిషం దాని గురించి చెబుతాను. టమాటా తెంపాక కూడా పండే కాయ. పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువును విడుస్తుంది, ఆ వాయువు పక్కనున్న కాయలను కూడా పండిస్తుంది. క్రేటులో ఒక కాయ చితికి ముగ్గితే మిగిలినవి దాని వెనకే పోతాయి. అందుకని దూర ప్రయాణం చేసే కాయను ఆకుపచ్చ రంగు విరిగి, కింది భాగంలో లేత ఎరుపు పొడచూపే దోర దశలో తెంపుతారు. స్థానిక అమ్మకానికి పోయేది ఎర్రబడ్డాక కోస్తారు. చెట్టు మీద పండిన రుచి మన నగరంలో దొరకదని ఫిర్యాదు చేసే సభ్యులకు నా మనవి ఒక్కటే: మీరు అంటున్నది నిజమే, కానీ ఆ రుచి 500 కిలోమీటర్లు ప్రయాణం చేయలేదు.

కోల్డ్ స్టోరేజీలో దాచి, ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు కదా అని మాలో ఒకరు అడిగారు. అక్కడున్న ఉద్యాన శాఖ ఉద్యోగి ఓపికగా వివరించారు. బంగాళాదుంప నెలల తరబడి చలిలో ఉంటుంది, ఉల్లి ఆరబెట్టిన షెడ్డులో ఉంటుంది. టమాటా 10 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చలిలో రోజుల తరబడి ఉంటే దెబ్బతింటుంది. సరిగా పండదు, బయటికి తీశాక తోలు మీద గుంటలు పడి త్వరగా కుళ్లుతుంది. 12 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంచితే కొద్ది వారాలు నిలుస్తుంది, అంతే. కాబట్టి గోదాము కట్టి ధరను ఆపడం ఈ పంటలో కుదరదు. గుజ్జు ఫ్యాక్టరీలకు పంపడం ఇంకో దారి. అయితే ఫ్యాక్టరీలకు గుజ్జు ఎక్కువ, నీరు తక్కువ ఉండే రకాలు కావాలి. కూరకు పండించే కాయలో నీరే ఎక్కువ కాబట్టి, దాన్ని మరిగించి చిక్కబరచే ఖర్చు వాళ్లకు గిట్టదు. కాయ పోటెత్తిన వారంలో ఫ్యాక్టరీ ఆదుకుంటుందనుకోవడం అంత తేలిక కాదని అప్పుడు అర్థమైంది. (ఇంట్లో ఫ్రిజ్ అడుగున టమాటా పెట్టే అలవాటు మనందరికీ ఉంది. దోరకాయను మాత్రం బయటే ఉంచి, పూర్తిగా పండినదాన్నే ఫ్రిజ్‌లో పెట్టాలని ఆయన ప్రత్యేకంగా చెప్పి పంపారు.)

మండీలో చూసినది

సాయంత్రం నుంచే ట్రాక్టర్లు, మినీ లారీలు మార్కెట్‌కు వస్తూ ఉన్నాయి. ప్రతి రైతుకూ ఒక మండీ ఉంటుంది, అంటే ఒక కమీషన్ వ్యాపారి. ఆయన స్థలంలో క్రేట్లు దించుతారు, కాయ సైజును, రంగును బట్టి వరుసలు వేస్తారు. తెల్లవారాక వేలం పాట మొదలవుతుంది. పాట పాడే కొనుగోలుదారులు దూర రాష్ట్రాల వ్యాపారుల మనుషులు. పాట ముగిసిన కాయను మళ్లీ ఏరి, లారీకి ఎక్కించే క్రేట్లలోకి మార్చి, సాయంత్రంలోగా దారి పట్టిస్తారు. ఒక్కో లాటు మీద బేరం రెండు మూడు నిమిషాల్లో తెగిపోతుంది. నాలుగు నెలల సేద్యం విలువ అంత తక్కువ సమయంలో తేలిపోవడం చూసి మేము నిలబడిపోయాం, పక్కనున్న రైతులు మాత్రం తల కూడా తిప్పలేదు.

రైతుకు చివర చేతికొచ్చే చీటీలో కాయ విలువ పైన ఉంటుంది, దాని కింద కోతలు ఉంటాయి: కమీషన్, హమాలీ, క్రేటు బాడుగ, కొన్నిచోట్ల తరుగు. తరుగు అంటే కాయ చెడిపోవచ్చన్న ముందస్తు లెక్కతో కొనుగోలుదారు అదనంగా తీసుకునే కాయ. ఈ తరుగు మీద మా అభిప్రాయం మారలేదు. దారిలో చెడిపోయే కాయ నష్టాన్ని కొనేవాడు ధరలోనే లెక్కగట్టుకున్నాక, మళ్లీ రైతు దగ్గర ఉచితంగా తీసుకోవడం ఒకే నష్టానికి రెండుసార్లు వసూలు చేయడమే. మేము చూసిన ఒక మండీలో ఆ అదనపు క్రేట్లు చీటీలోకి అసలు ఎక్కనే లేదు.

అభిప్రాయం మారినది వేరే చోట. మేము మాట్లాడిన రైతుల్లో చాలామందికి పంట వేసేటప్పుడు అప్పు ఇచ్చింది ఆ మండీ యజమానే. బ్యాంకు పాసు పుస్తకం అడుగుతుంది, పొలం కౌలుకు చేసేవాడికి ఆ పుస్తకం ఉండదు. మండీ ఏ కాగితమూ అడగదు, కాయ తన దగ్గరికే తేవాలని మాత్రం అడుగుతుంది. కాయ అమ్మిన రోజే రైతుకు డబ్బు ఇచ్చి, దూరపు వ్యాపారి నుంచి తాను వారాల తరువాత రాబట్టుకుంటుంది. రాబట్టుకోలేక చేతులు కాల్చుకున్న మండీలూ ఉన్నాయి. అంటే ఆ కమీషన్‌లో అమ్మకం పని కూలి, అప్పు మీద వడ్డీ, ఎగవేత భయం మూడూ కలిసిపోయి ఉన్నాయి. మూడింటికీ కలిపి ఒకే పేరు పెట్టి తిట్టడం తేలిక. వాటిని విడదీసి, రైతుకు అప్పు మరో చోట దొరికేలా చూస్తే తప్ప, మండీని తప్పించడం మాటలకే మిగిలిపోతుందని మాకు అనిపించింది.

మన రూపాయి ఎక్కడికి పోతోంది

ఈ అధ్యాయానికి మన కోశాధికారి చాలా శ్రమపడ్డారు. భారతీయ రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన ఒక పరిశోధనా పత్రం ప్రకారం, వినియోగదారుడు టమాటాకు చెల్లించే రూపాయిలో రైతుకు చేరేది దాదాపు 33 పైసలు. ఉల్లికి 36, బంగాళాదుంపకు 37. ఇవి సగటు లెక్కలు. మనకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఆ సగటు వెనక ఉంది: రైతు వాటా ధరతో పాటు కదులుతుంది, ధర పడినప్పుడు అతని వాటా ఇంకా వేగంగా పడుతుంది.

ఎందుకో చూడండి. లారీ బాడుగ, హమాలీ, క్రేటు, డీజిలు ఇవన్నీ బరువును బట్టి ఉంటాయి, కాయ ధరను బట్టి కాదు. కిలో వంద పలికినా, పది పలికినా మదనపల్లె నుంచి హైదరాబాదుకు కిలో కాయను మోసే ఖర్చు దాదాపు ఒకటే. నగరంలో ధర బాగా ఉన్నప్పుడు ఆ ఖర్చు అందులో చిన్న ముక్క. నగరంలో ధర పడిపోయినప్పుడు ఖర్చు తన వంతు పూర్తిగా తీసుకున్నాకే మిగిలినది రైతుకు చేరుతుంది. ఒక హద్దు దాటితే ఏమీ మిగలదు, చివరికి తెంపే కూలీ కూడా గిట్టదు. మన వీధిలో కిలో 15 రూపాయలకు కొనుక్కుని చవకని సంతోషించిన రోజు, ఆ కాయ పండించిన మనిషికి చేతి నుంచి డబ్బు పోయి ఉండవచ్చు.

చెడిపోయే కాయది మరో లెక్క. లుధియానాలోని కేంద్ర కోతానంతర సాంకేతిక సంస్థ 2015లో ఇచ్చిన అంచనా ప్రకారం, మన దేశంలో టమాటాలో 12 శాతానికి పైగా కోత నుంచి చిల్లర అంగడి దాకా వృథా అవుతోంది. లెక్క సులువు కోసం వంద కిలోలను కిలో పది రూపాయలకు కొన్నారనుకుందాం. అందులో 12 కిలోలు పోతే మిగిలిన 88 కిలోల మీదే వెయ్యి రూపాయలూ రాబట్టుకోవాలి. ఎవరూ పైసా లాభం చూడక ముందే, బాడుగ కలపక ముందే, కిలో 11 రూపాయల 36 పైసలు అయింది. చెడిపోయిన కాయకు డబ్బు ఇస్తున్నది చెడిపోని కాయను కొన్న మనమే.

బోయినపల్లిలో తెల్లవారుజాము

నగరం చివరి అంచెను చూడడానికి రెండుసార్లు తెల్లవారకముందే నగరంలోని బోయినపల్లి టోకు కూరగాయల మార్కెట్‌కు వెళ్లాం. అక్కడ లారీ నుంచి దిగిన సరుకు కమీషన్ వ్యాపారుల ద్వారా మళ్లీ అమ్ముడవుతుంది. పెద్ద దుకాణాల వాళ్లు పదుల క్రేట్లు, హోటళ్ల వాళ్లు మెత్తబడిన చవక కాయ, మన వీధుల బండ్ల వాళ్లు ఒకటి రెండు క్రేట్లు కొంటారు. సుమారు పాతిక కిలోలు పట్టే ఆ క్రేటును బండి మీదికి తెచ్చుకున్న మనిషి దాన్ని మూడు కుప్పలు చేస్తాడు. గట్టి కాయ పొద్దున పైధరకు, కాస్త మెత్తనిది మధ్యాహ్నం తగ్గింపు ధరకు, చితికినది చివర ఎంతకో అంతకు. మనం ధర చూసేది మొదటి కుప్ప మీద. బండి అతని లాభం తేలేది మూడో కుప్ప మీద.

ఇక్కడ మన తప్పు కూడా ఒకటి రాసుకోవాలి. కాయను బొటనవేలితో నొక్కి చూసి పక్కన పెట్టడం మనలో చాలామందికి అలవాటు. పొద్దుటి నుంచి పదిమంది అలా నొక్కిన కాయ సాయంత్రానికి మూడో కుప్పలో ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడు సమావేశంలో నవ్వులు వినిపించాయి. కానీ బండ్ల వాళ్లు మాతో అన్నిటికన్నా ముందు చెప్పుకున్న కష్టం ఇదే.

బోయినపల్లిలో మాకు బాగా నచ్చినది వ్యర్థాల పని. రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాన్ని అక్కడి బయోగ్యాస్ కేంద్రంలో వేసి, దాదాపు 500 యూనిట్ల విద్యుత్తును, వంటకు గ్యాసును తయారు చేసే ఏర్పాటు ఉంది. దీని సాంకేతికత హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థది.

రైతు బజారు, యాప్‌లు, ప్రభుత్వ పథకాలు

రైతు, వినియోగదారుడు ఎదురెదురుగా నిలబడే ఏర్పాటు మన దగ్గర కొత్తది కాదు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. పంజాబులో అప్నీ మండీ అంతకుముందే ఉంది, తమిళనాడులో ఉళవర్ సందై అదే ఏడాది నవంబరులో వచ్చింది. గుర్తింపు కార్డు ఉన్న రైతు కమీషన్ లేకుండా అమ్ముకోవాలి, రోజువారీ ధరను టోకు ధరకు కొంత పైన, చిల్లర ధరకు కింద బోర్డు మీద రాయాలి. నిజాయితీగా నడిచిన చోట దీనికి మించిన ఏర్పాటు మేము చూడలేదు. దగ్గరి పల్లెల ఆకుకూరలకు, బెండకు, వంకాయకు ఇది చక్కగా సరిపోతుంది. వేసవిలో 500 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే టమాటాను అక్కడ అమ్మేది మాత్రం పండించిన రైతు కాలేడు. అందుకే ఆ నెలల్లో రైతు బజారులోని టమాటా బల్ల వెనక వ్యాపారి కనిపించడం మీద సభ్యుల ఫిర్యాదులు ఎక్కువ వచ్చాయి.

యాప్‌ల ద్వారా ఇళ్లకు సరుకు పంపే సంస్థలు పల్లెల్లో సేకరణ కేంద్రాలు పెట్టాయి. ఎలక్ట్రానిక్ కాటా, ఖాతాలోకి నేరుగా డబ్బు, తరుగు లేకపోవడం రైతులకు నచ్చాయి. కానీ అవి తీసుకునేది ఒకే సైజు, ఒకే రంగు ఉన్న మొదటి రకం కాయ మాత్రమే. మిగిలినది రైతు మళ్లీ మండీకే తీసుకెళ్లాలి, మంచి కాయ తీసేసిన ఆ కుప్పకు అక్కడ ధర ఇంకా తగ్గుతుంది.

వ్యవసాయ మార్కెట్లను ఆన్‌లైన్‌లో కలిపేందుకు 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ విపణి గురించి, టమాటా, ఉల్లి, బంగాళాదుంపల ధరల ఊగిసలాటను తగ్గించేందుకు 2018–19 బడ్జెట్‌లో 500 కోట్ల రూపాయలతో ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్ గురించి ఆగస్టు సమావేశంలో చర్చించాం. ధాన్యం, పప్పుల వంటి నిలవ ఉండే సరుకుకు కాయను చూడకుండా ఆన్‌లైన్‌లో పాట పాడడం కుదిరినంతగా, గంట గంటకూ మారే టమాటాకు కుదరదని మా అభిప్రాయం.

నేరుగా కొనుగోలు: మా ప్రయోగం, మా పొరపాట్లు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వికారాబాద్ వైపు ఉన్న ఒక చిన్న రైతు బృందంతో కలిసి, ప్రతి శనివారం కాలనీ కమ్యూనిటీ హాలు దగ్గర టమాటా తెప్పించుకున్నాం. బుధవారం రాత్రికల్లా సభ్యులు తమకు కావలసిన కిలోలు నమోదు చేయాలి, శుక్రవారం సాయంత్రం కోత, శనివారం పొద్దున సరుకు. ధరను బోయినపల్లి టోకు ధరకు కొంత కలిపి నిర్ణయించాం.

మొదటి నెల ఉత్సాహంగా సాగింది. డిసెంబరులో లోపాలు బయటపడ్డాయి. నమోదు చేసినవారిలో కొందరు తీసుకోవడానికి రాలేదు, సాయంత్రానికి మిగిలిన క్రేట్లు ఎవరివో తేలలేదు. సైజు చిన్నదని మనం వెనక్కి పంపిన కాయను ఆ రైతులు మళ్లీ ట్రాలీ కట్టుకుని బోయినపల్లికి తీసుకెళ్లాల్సి వచ్చింది. రెండు బాడుగలు అయ్యాయి, ధర సగం అయింది. నగరంలోని సంస్థలు మొదటి రకం కాయ మాత్రమే తీసుకుంటున్నాయని ఆగస్టులో విమర్శించిన మేమే డిసెంబరులో అదే పని చేశాం. ఈ మాట రాయడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది.

జనవరిలో పద్ధతి మార్చాం. తోటలో తెంపిన కాయను ఏరకుండా, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటామని, అందుకు ధర కాస్త తగ్గించుకుంటామని ఇరువైపులా ఒప్పుకున్నాం. మెత్తబడిన కాయను ఎండబెట్టి నిలవ పచ్చడి పెట్టడానికి మహిళా సభ్యులు కొందరు ముందుకు రావడంతో, వారానికి ఒక క్రేటు చెత్తకుండీలో పడే పరిస్థితి తప్పింది. పండే కాయ విడిచే ఇథిలీన్ పక్క కాయలనూ పండిస్తుందన్న సూత్రం అక్కరకు వచ్చింది: ఎర్రగా పండినవాటిని, దోరకాయలను వేరు సంచుల్లో ఇవ్వడం మొదలుపెట్టాక ఫిర్యాదులు బాగా తగ్గాయి.

అయితే ఫిబ్రవరిలో అసలు పరీక్ష ఎదురైంది. ఆ నెలలో ధరలు పడిపోయాయి. కర్నూలు జిల్లా పత్తికొండ వైపు రైతుల కష్టం పత్రికలకెక్కింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుల నుంచి కాయ కొని రైతు బజార్లకు పంపే ఏర్పాటుకు దిగింది. మన వీధి బండి మీద ధర మన శనివారం ధరకన్నా తక్కువకు దిగింది. ఆ రెండు వారాల్లో మన నమోదులు సగానికి పైగా పడిపోయాయి. కాయ మాత్రం చెట్టున ఉంది. ధర పెరిగితే ఆ రైతులు మనల్ని వదిలి బోయినపల్లికి పోతారేమోనని మొదట్లో అనుమానించింది మనమే, ధర పడగానే వాళ్లను వదిలి వీధి బండికి పోయిందీ మనమే. వాళ్లు నిష్ఠూరమాడలేదు. మిగిలిన కాయను ఎప్పటిలాగే మండీకి తీసుకెళ్లారు, మండీ ఎప్పటిలాగే ఉన్నంత కాయనూ తీసుకుంది. ఎంత తక్కువ ధరకైనా, ఎంత కాయ వచ్చినా కాదనకుండా తీసుకునే చోటు ఒకటి ఉండడం రైతుకు ఎందుకు అంత విలువైనదో, కమీషన్ గురించి మేము రాసుకున్న పేజీల కన్నా ఈ రెండు వారాలే బాగా నేర్పాయి.

జమాఖర్చులు

ప్రయాణ ఖర్చులను వెళ్లిన సభ్యులు తామే భరించారు. శనివారం కొనుగోళ్ల జమాఖర్చుల పట్టికను లెక్కల తనిఖీ పూర్తయ్యాక కోశాధికారి సర్వసభ్య సమావేశంలో విడిగా ఉంచుతారు. డిసెంబరులో తీసుకోకుండా మిగిలిపోయిన క్రేట్ల నష్టాన్ని రైతుల మీద వేయకుండా ఉపసంఘం నిధి నుంచి చెల్లించాం; దీనికి సభ్యుల ఆమోదం కోరుతున్నాం.

వచ్చే సీజనుకు ప్రతిపాదనలు

మొదటి ప్రతిపాదన: వారం వారం నమోదు పద్ధతి తీసేసి, సీజను మొత్తానికి వాటా పద్ధతి పెట్టాలి. వాటా తీసుకున్న కుటుంబం పన్నెండు వారాలకు వారానికింత కాయ తప్పక తీసుకుంటుంది, సగం సొమ్ము ముందే చెల్లిస్తుంది. ఆ సొమ్ము నారు, కట్టెలు, మందుల ఖర్చుకు రైతు చేతిలో ఉంటుంది కాబట్టి ఆ మేరకు మండీ అప్పు తగ్గుతుంది. ధరకు ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం ముందే రాసుకుందాం. బజారు ధర ఎటు పోయినా ఆ రెండింటి మధ్యే చెల్లింపు ఉంటుంది. ధర పడిన వారంలో మనం కొంత ఎక్కువ ఇస్తాం, పెరిగిన వారంలో వాళ్లు కొంత తక్కువ తీసుకుంటారు. ఈ ప్రతిపాదనకు ఉపసంఘంలో ఏకాభిప్రాయం లేదు. ముందే డబ్బు కట్టి, తెగులు వచ్చి పంట పోతే ఏమిటన్న అభ్యంతరం సహేతుకమైనది. ఆ నష్టంలో ఎవరి వాటా ఎంతో సర్వసభ్య సమావేశమే తేల్చాలి.

రెండోది: టమాటా ఒక్కటే కాకుండా అదే బృందం పండించే వంకాయ, బీర, గోరుచిక్కుడు కూడా చేర్చాలి. ఒకే ట్రాలీలో నాలుగు రకాలు వస్తే కిలోకు పడే బాడుగ తగ్గుతుంది, ఒక పంట దెబ్బతిన్న వారంలో ట్రాలీ ఖాళీగా రాదు. వేసవి నెలల్లో మాత్రం మదనపల్లె కాయకు మనం బండి మీదే ఆధారపడతాం. అంత దూరం నుంచి నేరుగా తెప్పించే శక్తి మన సంఘానికి లేదు.

ఆసక్తి ఉన్న కుటుంబాలు తమకు వారానికి ఎన్ని కిలోలు కావాలో, ముందస్తు సొమ్ము కట్టగలరో లేదో ఆగస్టు 15లోగా ఉపసంఘం పుస్తకంలో రాయాలని కోరుతున్నాను. నవంబరులో మొదటి కోత రావాలంటే ఆగస్టు నెలాఖరుకు నారు నాటి ఉండాలి. నారు కోసం నర్సరీకి ఆ బృందం ఇప్పటికే మాట ఇచ్చింది, ఎన్ని మొక్కలు నాటాలన్న సంగతి మాత్రం మన పుస్తకం చూసి నిర్ణయించుకుంటామని చెప్పింది.

కార్యదర్శి,
వినియోగదారుల ఉపసంఘం